అడవి చదువుకు కాలేజీ ఎంచుకోవడం ఎలా?

ఇంటర్ బైపీసీ పిల్లలున్న ఇంట్లో వేసవి వచ్చిందంటే మూడు మాటలే వినిపిస్తాయి: నీట్, వెటర్నరీ, అగ్రికల్చర్. ఆ వరుసలో చివరెక్కడో ఫారెస్ట్రీ అనే మాట ఉంటుంది. ఇంకెక్కడా సీటు రాని వాళ్లు చేరే కోర్సు అని దానికి ఒక పేరు పడింది. ఆ పేరు నాకు బాధ కలిగిస్తుంది. నేను చదివింది అదే. అడవి మీద ఇష్టంతో చేరిన పిల్లలు ఎంత బాగా రాణిస్తారో కళ్లారా చూశాను. అదే ఇష్టంతో చేరి, కాలేజీ ఎంపిక తప్పడం వల్ల నాలుగేళ్ల తరువాత ఉసూరుమన్న వాళ్లనూ చూశాను.

ఆ తప్పులు ఎక్కువగా రెండే రకాలు. డిగ్రీ పట్టా మీద ఉన్న పేరు తాము కోరుకున్న ఉద్యోగానికి పనికిరాదని ఆలస్యంగా తెలియడం ఒకటి. నాలుగేళ్లూ తరగతి గదిలోనే గడిచిపోయి, అడవిలోకి వెళితే చేతులు ఆడకపోవడం రెండోది. కాబట్టి పట్టా మీద ఏం రాసి ఉంటుంది, కాలేజీ గేటు బయట ఏం ఉంది అనే రెండు విషయాలను గట్టిగా పట్టుకోండి. మిగతావన్నీ వాటి తరువాతే.

ముందుగా ఒక రోజు నడిచి చూడండి

కాలేజీల జాబితా తీసే ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. అడవి అంటే ఇష్టం అన్న మాట వెనుక చాలాసార్లు జంతువుల మీద ఇష్టమో, ఫొటోల మీద ఇష్టమో ఉంటుంది. పని వేరుగా ఉంటుంది. ఏప్రిల్ ఎండలో ప్లాంటేషన్‌లో మొక్కలు లెక్కపెట్టాలి. వానాకాలం జలగల మధ్య నడవాలి. అడవి అంచు గూడెంలో కూర్చుని, పోడు భూమి గురించి కోపంగా ఉన్న మనుషులతో ఓపికగా మాట్లాడాలి.

నల్లమల దగ్గరైతే ఫరహాబాద్ వైపు, గోదావరి జిల్లాల వాళ్లయితే మారేడుమిల్లి వైపు, ఆదిలాబాద్ ప్రాంతం వాళ్లయితే కవ్వాల్ వైపు, మీకు ఏది దగ్గరైతే అక్కడికి ఒక రోజు వెళ్లండి. జీపులో తిరిగి రావడం కాదు. అటవీ శాఖ వాళ్లు అనుమతించిన దారిలో, వాళ్ల మనిషిని వెంట తీసుకుని కాలినడకన తిరగండి. మీ ఊరి చెరువు గట్టైనా ఫరవాలేదు, తెల్లవారుజామున వెళ్లి మూడు గంటలు పిట్టలను చూస్తూ రాసుకోండి. రెండో గంటకు విసుగు పుట్టిందా, ఇంకా ఉండాలనిపించిందా అన్నది మీకే తెలుస్తుంది.

ఆ తరువాత, ఈ రంగంలోని ఏ పని మీ మనసుకు దగ్గరగా ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. యూనిఫాం వేసుకుని అడవిని కాపాడే పని, వన్యప్రాణుల మీద పరిశోధన, నర్సరీలు, కలప తోటలు, కాగితపు మిల్లుల పని, నేల-నీటి సంరక్షణ, ఉపగ్రహ చిత్రాలతో అడవి విస్తీర్ణాన్ని లెక్కగట్టే పని. ఇవన్నీ ఒకే రంగంలోవే అయినా ఒకే కాలేజీ అన్నింటికీ సమానంగా సరిపోదు. ఒకటి రాయలేకపోతే రెండు రాయండి. ఐదు రాశారంటే ఇంకా తేలలేదని అర్థం.

పట్టా మీద పేరు

ఇది చాలా ముఖ్యం, ఇక్కడ తొందరపడవద్దు. ఫారెస్ట్రీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, వైల్డ్‌లైఫ్ బయాలజీ, నేచురల్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే పేర్లు వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఉద్యోగ నోటిఫికేషన్ ముందుకు వచ్చేసరికి ఎవరి దారి వాళ్లదే.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌నే తీసుకోండి. యూపీఎస్సీ నిర్వహించే ఈ పరీక్షకు అర్హత నిబంధన స్పష్టంగా ఉంటుంది. పశుసంవర్ధక-పశువైద్య శాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, సాంఖ్యకశాస్త్రం, జంతుశాస్త్రాల్లో కనీసం ఒకటి డిగ్రీలో చదివి ఉండాలి. లేదా అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్‌లలో ఒక డిగ్రీ ఉండాలి. ఆ జాబితాను ఇంకొకసారి చదవండి. అందులో పర్యావరణ శాస్త్రం లేదు. పర్యావరణం మీద ప్రేమతో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఒక్కటే ప్రధానంగా ఉన్న డిగ్రీ చేసి, అందులో పై సబ్జెక్టులేవీ లేకపోతే, అడవుల సర్వీసు పరీక్ష దగ్గరే తలుపు మూసుకుపోతుంది. బోటనీయో, జువాలజీయో, కెమిస్ట్రీయో డిగ్రీలో సబ్జెక్టుగా ఉంటే ఆ బెంగ ఉండదు. ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాలు ఒకే మేజర్, దానికి తోడు మైనర్ అనే పద్ధతిలోకి మారాయి కాబట్టి మార్కుల జాబితాలో ఏ సబ్జెక్టు ఏ హోదాలో కనబడుతుందో చేరకముందే అడిగి తెలుసుకోండి.

రాష్ట్రాల్లో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ ఉద్యోగాలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సర్వీసు కమిషన్లు తమ సొంత అర్హతల జాబితాలు ఇస్తాయి. గత నోటిఫికేషన్లు రెండు మూడు దింపుకుని, మీరు చేరాలనుకుంటున్న డిగ్రీ పేరు అక్షరం పొల్లుపోకుండా అందులో ఉందో లేదో చూడండి. దాదాపు అదే కదా అనుకుని సరిపెట్టుకోవద్దు. ధ్రువపత్రాల పరిశీలన రోజున ఆ మాట ఎవరూ ఒప్పుకోరు.

డిగ్రీ ఎన్నేళ్లన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగానికి నాలుగేళ్ల డిగ్రీ అడుగుతారు, ఆ అర్హతల జాబితాలో ఫారెస్ట్రీ ఉంది. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అడవిలోనే ఉద్యోగం రావాలి, లేకపోతే లేదు అని భయపడే ఇంట్లో ఈ ఒక్క వాక్యం చదివి వినిపించండి.

ఇక గుర్తింపు. ఫారెస్ట్రీ డిగ్రీ వ్యవసాయ విశ్వవిద్యాలయాల కుటుంబానికి చెందినది కాబట్టి యూజీసీ గుర్తింపుతో పాటు భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్ అక్రెడిటేషన్ కూడా ఉందా అని చూడాలి. అది లేని చోట చదివితే తరువాత ఐసీఏఆర్ పీజీ సీట్ల దగ్గర, ఫెలోషిప్‌ల దగ్గర ఇబ్బంది రావచ్చు. అక్రెడిటేషన్‌కు కాలపరిమితి ఉంటుంది. కాలేజీ గోడ మీద ఫ్రేము కట్టి పెట్టిన పత్రం ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో చదవండి. కొత్తగా పుట్టుకొచ్చిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

ఎక్కడెక్కడ చదవవచ్చు

తెలంగాణలో ఫారెస్ట్ కాలేజీ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ములుగులో ఉంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇది మేడారం ఉన్న ములుగు జిల్లా కాదు. సిద్దిపేట జిల్లాలోని ములుగు, హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి దారిలో వస్తుంది. కొండా లక్ష్మణ్ పేరుతో ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నదీ ఈ ములుగులోనే. 2016లో మొదలైన ఈ కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ ఉంది. ఎంసెట్ ర్యాంకు, అంటే ఇప్పటి ఈఏపీసెట్ ర్యాంకు ఆధారంగా సీట్లు ఇస్తారు. దీని నోటిఫికేషన్ మీద విడిగా కన్నేసి ఉంచాలి. ర్యాంకు వచ్చింది కదా, కౌన్సెలింగ్‌లో అదే కనబడుతుందిలే అనుకుని గడువు దాటించుకున్న వాళ్లున్నారు. విభజన చట్టంలోని ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024లో ముగిసింది కాబట్టి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు స్థానికత నిబంధనను ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకునే దరఖాస్తు చేయాలి.

మరో గందరగోళం కూడా ఇక్కడే తీర్చుకుందాం. హైదరాబాద్ శివారు దూలపల్లిలో, రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులో అటవీ అకాడమీలు ఉన్నాయి. అవి ఇంటర్ తరువాత చేరే కాలేజీలు కావు. ఉద్యోగం వచ్చిన వాళ్లకు శిక్షణ ఇచ్చే చోట్లు.

పొరుగు రాష్ట్రాల వైపు చూస్తే మన పిల్లలకు మంచి దారులున్నాయి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన మెట్టుపాళయం ఫారెస్ట్ కాలేజీ నీలగిరుల పాదాల దగ్గర ఉంది. కర్ణాటకలో శిరసి, పొన్నంపేట కాలేజీలు రెండూ పశ్చిమ కనుమల్లోనే ఉన్నాయి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఫారెస్ట్రీ కాలేజీ త్రిశూర్ దగ్గర వెల్లనిక్కరలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయ ఫారెస్ట్రీ కాలేజీ రైల్లో ఒక పూట ప్రయాణం. దూరమైనా సరే అనుకుంటే హిమాచల్‌లోని సోలన్ దగ్గర నౌణిలో వై.ఎస్. పర్మార్ విశ్వవిద్యాలయం ఉంది. ఉద్యానం, అటవీ శాస్త్రాల కోసమే 1985లో నెలకొల్పినది.

వీటిలో రాష్ట్ర కోటా సీట్లు సాధారణంగా ఆయా రాష్ట్రాల పిల్లలకే. బయటి వాళ్లకు దారి ఐసీఏఆర్ కోటా. ఆ ప్రవేశాలు ఇప్పుడు సీయూఈటీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతున్నాయి. మన దగ్గర బైపీసీ పిల్లలు నీట్, ఈఏపీసెట్‌ల హడావిడిలో సీయూఈటీని పూర్తిగా మరచిపోతారు. దరఖాస్తు నింపేటప్పుడే ఐసీఏఆర్ అడిగే సబ్జెక్టుల కలయికను ఎంచుకోవాలి. కౌన్సెలింగ్ సమయానికి గుర్తొస్తే లాభం లేదు. ఐసీఏఆర్ కోటాలో సొంత రాష్ట్రం బయట చేరిన వాళ్లకు నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. దాని నిబంధనలు చదివి ఇంట్లో ఖర్చు లెక్క వేయండి.

వెళ్లి కళ్లతో చూడండి

వెబ్‌సైటులో అన్ని కాలేజీలూ పచ్చగానే ఉంటాయి. కుదిరితే చేరకముందే ఒకసారి వెళ్లండి. సెలవు రోజున కాదు, తరగతులు జరిగే రోజున.

మా బంధువుల అమ్మాయి కోసం ఒక కాలేజీకి వెళ్లాను. పేరు అనవసరం. భవనం కొత్తది, మెట్లకు పాలరాయి. మెన్సురేషన్ ల్యాబు, అంటే చెట్ల కొలతలు నేర్పే గది చూపించమని అడిగాను. అటెండరు తాళంచెవి వెతికి తేవడానికి పావుగంట పట్టింది. ఇనుప బీరువాలో చెట్టు ఎత్తు కొలిచే పరికరాలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఒక పెట్టె తెరిచి చూశాను. పరికరం చుట్టూ కంపెనీ చుట్టిన ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది, అతికించిన టేపు కూడా ఊడలేదు. ఆ కాలేజీలో అప్పటికి రెండు బ్యాచులు చదువు పూర్తి చేసుకుని వెళ్లిపోయాయి. అమ్మాయి నా వైపు చూసింది. ఇంకేమీ అడగకుండా బయటకు వచ్చేశాం.

మరో చోట గది పాతది, పెచ్చులూడిన గోడ. మేకుకు వేలాడుతున్న కొలత టేపుల మీద అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. జిగురు మరకలు, మట్టి. అక్కడున్న రెండో ఏడాది కుర్రాడిని పిలిచి, వాలు నేల మీద ఉన్న చెట్టు చుట్టుకొలత ఎక్కడ తీయాలి బాబూ అని అడిగాను. అతను తడుముకోలేదు. ఎగువ వైపు నిలబడి, నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, అంటూ తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడు. రోజూ చేసే పని కాబట్టి ఆ ఎత్తు తన ఒంటి మీద ఎక్కడ వస్తుందో అతనికి తెలుసు. మా అమ్మాయి అక్కడే చేరింది.

కాబట్టి గదులు లెక్కపెట్టడం కన్నా వస్తువులు ఎంత వాడారో చూడండి. హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు షీట్లకు అతికించి దాచే చోటు ఉంటే, ఆ షీట్ల మీది చీటీలు చదవండి. ఎవరు, ఎక్కడ, ఏ తేదీన సేకరించారో వాటి మీద రాసి ఉంటుంది. అన్నీ ఒకే ఏడాదివైతే తనిఖీ కోసం చేసినవని అనుకోవచ్చు. ఏటా కొన్ని చొప్పున, వేర్వేరు విద్యార్థుల చేతిరాతతో ఉంటే అక్కడ చదువు సాగుతోంది. నర్సరీకి వెళ్లండి. టేకు స్టంపులు, అంటే నాటడానికి కాండం, వేరు కత్తిరించి సిద్ధం చేసే మొక్క ముక్కలు, విద్యార్థులే కోస్తారా, కూలీలు కోస్తుంటే దూరం నుంచి చూస్తారా? బొటనవేలు మందం ఉన్న మొక్క వేరును ఎంత పొడవు ఉంచి కోయాలో కత్తి పట్టుకున్న చేతికే వస్తుంది, నోట్సు రాసుకున్న చేతికి రాదు. పాలిథిన్ సంచుల్లో మొక్కలు ఎక్కువ కాలం ఉండిపోయి వేర్లు చుట్ట చుట్టుకుపోయి ఉంటే, ఆ నర్సరీని పట్టించుకునే వాళ్లు లేరని గ్రహించండి.

తరువాత గేటు బయట ఏముందో చూడండి. అసలైన గ్రంథాలయం అక్కడే ఉంది. ఎంత దూరంలో సహజమైన అడవి ఉంది? విద్యార్థులకు సెమిస్టరుకు ఎన్ని రోజులు అడవిలో శిబిరం ఉంటుంది, రాత్రి అక్కడే ఉంటారా, సాయంత్రానికి బస్సెక్కి వచ్చేస్తారా? చివరి ఏడాదిలో ఫారెస్ట్రీ వర్క్ ఎక్స్‌పీరియెన్స్ అని ఒక భాగం ఉంటుంది. అటవీ డివిజన్‌లో, గ్రామంలో, పరిశ్రమలో పని నేర్చుకోవాలి. దాన్ని ఏ డివిజన్‌లో చేయించారు, ఏ మిల్లుకు పంపారు అని గత రెండేళ్ల వివరాలు అడగండి. చెప్పే వాళ్లు చటుక్కున చెబుతారు. పంపుతామండీ, అన్నీ ఉంటాయండీ అంటే అర్థం చేసుకోండి.

చెట్లను గుర్తుపట్టడం ఎలా నేర్పుతారో కూడా కనుక్కోండి. ఇది నా పట్టుదల అనుకున్నా సరే. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. తెల్లమద్ది మాను నున్నగా, పాలిపోయినట్టు ఉంటుంది. టేకు లేత ఆకు నలిపితే వేళ్లు ఎర్రబడతాయి. వేగిస చెట్టుకు గాటు పెడితే నెత్తురులాంటి జిగురు కారుతుంది. ఎండాకాలం ఆకులన్నీ రాలిపోయిన మన అడవిలో బెరడే చెట్టుకు ముఖం. ఆకు, పువ్వు ఉన్న బొమ్మలు చూసి పరీక్ష రాసిన పిల్లలు మార్చి నెలలో నల్లమలలో నిలబడితే దిక్కు తోచదు. బెరడు చూసి పేరు చెప్పించే అధ్యాపకుడు ఒక్కరున్నా ఆ కాలేజీకి ఒక మెట్టు ఎక్కువ వేయండి.

అధ్యాపకుల సంగతి

ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎందరు పర్మనెంటుగా ఉన్నారు అని నేరుగా అడగడానికి మొహమాటపడవద్దు. సిల్వికల్చర్ (అడవి చెట్ల పెంపకం), అటవీ కొలతలు, వన్యప్రాణి శాస్త్రం, కలప శాస్త్రం, జీఐఎస్-రిమోట్ సెన్సింగ్ (కంప్యూటర్ పటాలు, ఉపగ్రహ చిత్రాల చదువు) ఈ ఐదింటికీ ఆ విషయం చదివిన మనిషి ఉన్నారా చూడండి. అగ్రికల్చర్ వాళ్లే అన్నీ చెబుతున్నారంటే పాఠం నడుస్తుంది కానీ అడవి అర్థం కాదు. కొత్త కాలేజీల్లో పదవీ విరమణ చేసిన అటవీ అధికారులు వచ్చి పాఠాలు చెప్పడం మంచి గుర్తు. ఒక రేంజిని నడిపిన మనిషి నిప్పులైను, అంటే మంట పాకకుండా అడవిలో చదును చేసే ఖాళీ పట్టీ గురించి చెప్పే గంట, పుస్తకంలోని పది పేజీల పెట్టు.

హైదరాబాద్ దగ్గర చదివే వాళ్లకు ఒక వరం ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. ఉపగ్రహ చిత్రాల కోసం బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే సీసీఎంబీ వారి లాకోన్స్ అత్తాపూర్‌లో, మెట్ట సేద్యం మీద సంతోష్‌నగర్‌లో క్రీడా (సీఆర్ఐడీఏ) అనే పరిశోధన సంస్థ, పటాన్‌చెరులో ఇక్రిశాట్, దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉన్నాయి. మీ కాలేజీ విద్యార్థులు వీటిలో ఎక్కడైనా ప్రాజెక్టు చేశారా అని అడగండి. నేల, నీటి సంరక్షణ వైపు మొగ్గు ఉంటే ఇక్రిశాట్ 1999లో మొదలుపెట్టిన కొత్తపల్లి వాటర్‌షెడ్ వంటి చోటు ఒక సెమిస్టరు పాఠానికి సమానం.

అమ్మాయిల కోసం, ఇంటి కోసం

ఇప్పుడు ఫారెస్ట్రీలో అమ్మాయిలు బాగా చేరుతున్నారు, అది నాకెంతో సంతోషం. తల్లిదండ్రులు హాస్టల్ గదులు చూసి వచ్చేస్తారు. అంతకన్నా ముఖ్యంగా అడగవలసినవి వేరే ఉన్నాయి. అడవి శిబిరానికి వెళ్లినప్పుడు వెంట మహిళా అధ్యాపకులు వస్తారా? బస ఎక్కడ, మరుగుదొడ్డి ఉందా? అమ్మాయిలను శిబిరం నుంచి మినహాయించి నివేదిక రాయమనే అలవాటు ఉందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు సీనియర్ అమ్మాయిల దగ్గరే దొరుకుతుంది. మినహాయింపు దయలా కనబడుతుంది కానీ అది చదువును లాక్కోవడమే. ఫారెస్ట్ సర్వీసు ఎంపికలో మహిళలు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు నడవాలి. మగవాళ్లకు అదే నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు. ఆ నడక కాలేజీలోనే అలవాటు కావాలి. ఎత్తుకు కూడా కనీస కొలత ఉంది: సాధారణంగా మగవాళ్లకు 163, ఆడవాళ్లకు 150 సెంటీమీటర్లు, షెడ్యూల్డ్ తెగల వంటి కొన్ని వర్గాలకు సడలింపు. యూనిఫాం ఉద్యోగమే మీ కోరిక అయితే ఎత్తు, చూపు నిబంధనలు చేరకముందే చదువుకోండి.

ఖర్చు విషయంలో ఫీజు ఒక్కటే చూడవద్దు. శిబిరాల ప్రయాణాలు, భారత్ దర్శన్ లాంటి అధ్యయన యాత్ర, బూట్లు, హాస్టల్ మెస్ అన్నీ కలిపి నాలుగేళ్లకు ఒక సంఖ్య రాయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కోర్సుకు, ఆ కాలేజీకి, ముఖ్యంగా రాష్ట్రం బయట వర్తిస్తుందో లేదో మీ సంక్షేమ శాఖ కార్యాలయంలోనే అడగండి. కాలేజీ వాళ్ల నోటి మాట మీద ఆధారపడవద్దు.

సీటు రాకపోతే

ఫారెస్ట్రీ సీట్లు తక్కువ. రాలేదని అడవిని వదులుకోనక్కరలేదు. బోటనీ లేదా జువాలజీ ఉన్న మంచి బీఎస్సీలో చేరండి. తెలంగాణలో దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా చేరవచ్చు. అక్కడ కూడా కాలేజీని చూసేటప్పుడు ఇదే కొలబద్ద: ఊరి చుట్టూ ఏముంది, పిల్లలను ఎంతగా బయటకు తీసుకెళ్తారు? కడప వైపు చదివితే శేషాచలం ఎర్రచందనం అడవులు, 1986లో మళ్లీ కనబడి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన కలివికోడి అనే అరుదైన పిట్ట తిరిగిన లంకమల పొదలు చేరువలో ఉంటాయి. కాకినాడలో చదివితే కోరింగ మడ అడవులు, ఏలూరులో చదివితే కొల్లేరు. మూడేళ్లు ఆదివారాలు కొల్లేటి గట్టున గడిపి, పిట్టల లెక్క పుస్తకం నింపిన విద్యార్థిని పీజీ ఇంటర్వ్యూలో ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

పీజీలో తలుపులు విశాలంగా తెరుచుకుంటాయి. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ 1906లో పుట్టింది, 1991 నుంచి డీమ్డ్ విశ్వవిద్యాలయం. అక్కడ ఫారెస్ట్రీ, కలప శాస్త్రం, పర్యావరణ నిర్వహణ వంటి ఎమ్మెస్సీలున్నాయి. అదే ఊళ్లో 1982లో మొదలైన భారత వన్యప్రాణి సంస్థ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఇస్తుంది. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి జీవశాస్త్ర, సంరక్షణ ఎమ్మెస్సీ ఉంది. దానికి ప్రవేశాలు ఏటా కాక రెండేళ్లకోసారి ఉంటూ వచ్చాయి కాబట్టి మీరు డిగ్రీ పూర్తి చేసే ఏడాదికి అది పడుతుందో లేదో ముందే లెక్క చూసుకోండి. భోపాల్‌లోని భారత అటవీ నిర్వహణ సంస్థ మేనేజ్‌మెంట్ వైపు ఇష్టపడే వాళ్లకు. ఊటీ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో, మయిలాడుదురై ఏవీసీ కాలేజీలో వైల్డ్‌లైఫ్ బయాలజీ చదువులున్నాయి. పెద్ద పేర్ల వెలుగులో వీటిని మరచిపోతాం కానీ, అడవిలో తిరిగి పనిచేసే మనుషులు ఇలాంటి చోట్ల నుంచే చాలామంది వచ్చారు.

విదేశాలకు వెళ్లాలనుకునే వాళ్లకు రెండే మాటలు. అమెరికాలో అటవీ, జాతీయ పార్కుల శాఖల ఉద్యోగాలు చాలావరకు ఆ దేశ పౌరులకే. అందుకే అక్కడ చదివితే జీఐఎస్, నీటి వనరులు, కార్బన్ లెక్కలు వంటి ప్రైవేటు పనికి పనికొచ్చే నైపుణ్యం ఉన్న కోర్సు ఎంచుకోండి. రెండోది, ఆ కోర్సుకు ఇచ్చిన కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల ప్రభుత్వ జాబితాలో ఉందా లేదా అని ప్రవేశ పత్రం తీసుకునే ముందే విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. చదువు తరువాత ఎంత కాలం అక్కడ పనిచేయవచ్చన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆప్షన్లు నింపే రోజు

మీరు మొదట రాసుకున్న కాగితం బయటకు తీయండి. పక్కన మరో కాగితం మీద ప్రతి కాలేజీకి నాలుగు గళ్లు గీయండి: పట్టా మీద పేరు, అక్రెడిటేషన్ గడువు, ఏడాదికి అడవిలో ఉండే రాత్రులు, నాలుగేళ్ల మొత్తం ఖర్చు. ఖాళీగా మిగిలిన గడికి ఫోను చేసి జవాబు కనుక్కోండి. జవాబు ఇవ్వని కాలేజీని కిందికి జరపండి.

ఐసీఏఆర్ కౌన్సెలింగ్, రాష్ట్ర కౌన్సెలింగ్ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక చోట చేరి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేశాక రెండో చోట సీటు వస్తే వాటిని వెనక్కి తీసుకోవడానికి వారం పట్టవచ్చు. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఇంటర్ మార్కుల మెమో నాలుగేసి జతలు సిద్ధం చేసుకోండి. చేరే ముందే, మానుకుంటే ఫీజులో ఎంత తిరిగి ఇస్తారు, సర్టిఫికెట్లు ఎన్ని రోజుల్లో ఇస్తారు అని అడిగి, ఆ జవాబును కాగితం మీద రాయించుకోండి.